మూత వేసిన డిక్కీ

నమ్మితే నమ్ము రోజీ, లేకపోతే నా నంబరు బ్లాక్ చేసుకో. పోయిన శుక్రవారం పొద్దున పదకొండింటికి, అంత బజారు చూస్తుండగా, మా ఉస్తాద్ నన్ను కారు డిక్కీలో ఎక్కించి మూత వేసేసింది. నన్ను. పాలిటెక్నిక్ ఆటోమొబైల్ సెకండియర్, క్లాసులో ఫస్ట్.

ఇంకోటి చెప్తే అసలు నమ్మవు. రెండోసారి నేనే ఎక్కా.

ఆగు, నవ్వకు. మొదటినుంచి చెప్తా. షాపులో కూర్చుని టైప్ చేస్తన్నా, తప్పులుంటే సర్దుకో.

ఎండాకాలం సెలవులకి మార్కాపురంలో బ్యాటరీ షాపులో ట్రైనింగ్‌కి చేరా కదా. షాపు కాశింబీది. వాళ్లాయన మీరావలి ముప్పై ఏళ్లు నడిపాడంట. ఆయన పోయాక ఆవిడ షాపు అమ్మేస్తదిలే అనుకున్నారంట ఊళ్లో. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని వచ్చి ఆయన స్టూలు మీదే కూర్చుంది. అప్పుడు ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు, ఇప్పుడు ఈవిడనీ అదే అంటారు. లారీ డ్రైవర్లయినా, డాక్టర్లయినా అంతే.

ఉస్తాద్ ఎక్కువ మాట్లాడదు. నువ్వు పది అడిగితే ఒకటి చెప్తది. అదీ చేతిలో పని ఆపకుండా.

ఇక్కడ ఒక పద్ధతుంది. బ్యాటరీ ఎవరు బిగిస్తే వాళ్లు దాని నెత్తిన తెల్ల పెయింటుతో తేదీ రాసి, పక్కన తమ పేరులో మొదటి అక్షరం రాయాలి. ఆ బ్యాటరీకి తర్వాత ఏమైనా, రాసినోళ్లే సమాధానం చెప్పాలి. ఊళ్లో ఏ కారు బానెట్ ఎత్తినా 'కా' అని కనపడుద్ది. పాత కారు కొనేవాళ్లు కూడా ముందు ఆ అక్షరం ఉందా అని వెతుక్కుంటారు, చూసుకో మరి.

చేరిన రోజు నుంచీ నాకు ఆ పెయింట్ డబ్బా మీదే కన్ను.

నలభై రోజులు ఏం చేయించిందో తెలుసా. టెర్మినళ్ల మీద ఉప్పులాగా తెల్లగా పూసుద్దే, అది వేణ్ణీళ్లతో కడిగించింది. బ్రష్ పెట్టి తోమించింది. వాజలిన్ రాయించింది. డిస్టిల్ వాటర్ పోయించింది. ఇక్కడి జనం బోరు నీళ్లు పోస్తారే బ్యాటరీలో. ఆ నీళ్లు తాగి మన పళ్లే ఇట్టా గార పట్టినయ్యి, ఇంక బ్యాటరీ గతేంది. కొంతమంది తెలివిగలోళ్లయితే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు పోసి, "మినరల్ వాటరే పోశాం ఉస్తాద్" అని గొప్పగా చెప్తారు. ఆవిడ మూత తీసి, లోపల తెల్లబడిపోయిన ప్లేట్లు చూపిస్తది.

అన్నీ నేర్చుకున్నా. బ్రష్ మాత్రం నా చేతికి రాదు.

"నేనెప్పుడు రాయాలి ఉస్తాద్?" అంటే, "చేతులు కడుక్కో, యాసిడ్ అంటుకుంది" అంటది.

ఇట్టా ఉండగా పోయిన సోమవారం గురవారెడ్డి వచ్చాడు. పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పాత తెల్ల కారు. ఆ కారు వాళ్లమ్మ అచ్చమ్మ కోసమే ఉంచుకున్నాడు. అవ్వకి కిడ్నీలు పోయినయ్యి. ప్రతి సోమవారం, గురువారం పొద్దున ఆరింటికల్లా బయల్దేరి ఒంగోలు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. వేళకి పోకపోతే ఆ మంచం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. మిగతా రోజులు కారు వాకిట్లో కదలకుండా ఉంటది.

ఆ పొద్దున సెల్ఫ్ కొడితే టక్కు టక్కుమని ఆగిపోయిందంట. వీధిలో నలుగురు నెడితే స్టార్టయింది. ఒంగోలు నుంచి వస్తా వస్తా అవ్వతో సహా నేరుగా షాపుకే వచ్చాడు.

అవ్వ వెనక సీట్లో ఒరిగి కూర్చుంది. ఒంట్లో ఓపికంతా అయిపోయినా నోట్లో మాత్రం బాగానే ఉంది. "ఎవరే ఈ పిల్ల? రెంచీ పట్టుకుని వస్తంది, నట్టు ఊడదీయడానికా, నన్ను కొట్టడానికా?"

"నట్టుకే అవ్వా" అన్నా.

పాత బ్యాటరీ నాలుగున్నరేళ్లది. యాసిడ్ బలం చూసే హైడ్రోమీటర్ పెట్టి ఒక్కో గడి చూశా. మూడో గడిలో దాంట్లో తేలాల్సిన బిరడా పైకి లేవనే లేదు. గడి చచ్చిపోయింది. ఉస్తాద్ కూడా వంగి చూసి తల ఊపింది.

"కొత్తది నువ్వే చూడు" అంది.

అప్పటికే చేతులు తుడుచుకున్నానే రోజీ.

గురవారెడ్డి, "ఉన్నవాటిలో పెద్దది పెట్టమ్మా, మళ్లీ ఆగకూడదు" అన్నాడు.

"పెద్దది ట్రేలో కూర్చోదన్నా. కూర్చోకపోతే దారంతా ఊగుద్ది. ఊగితే లోపల ప్లేట్లు విరుగుతాయి. కారు పుస్తకంలో ఎంత రాసుంటే అంతే."

ముందు వరసలో ఒకటి అద్దంలాగా మెరుస్తంది. దాని మీద ముద్ర చూశా, తయారై ఎనిమిది నెలలైంది. వాడకపోయినా కూర్చున్నచోటే నీరసపడుద్ది కదా. లోపలికి పోయి దుమ్ము పట్టిన పెట్టెలోంచి పోయిన నెలది తెచ్చా. ప్లస్ ఏ పక్కుందో చూశా, తప్పు పక్కుంటే తీగ అందక లాగాల్సొస్తది. పాతది తీసేటప్పుడు మైనస్ ముందు, కొత్తది బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. క్లాంప్ బిగించి చేత్తో ఊపి చూశా, కదల్లేదు. వాజలిన్ రాశా. స్టార్ట్ చేసి మీటర్ పెట్టా, డైనమో పద్నాలుగు వోల్టులు ఇస్తంది. ఒక్క తప్పు లేదు. నువ్వుంటే విజిలేసేదానివి.

ఉస్తాద్ అంతా చూసింది. "కారంతా చూశావా?"

"చూశా ఉస్తాద్."

ఎక్కడ చూశా. బానెట్ కింద చూశా. కానీ నా కళ్లు పెయింట్ డబ్బా మీదున్నయ్యి.

ఆవిడ డబ్బాని కాలితో నా వైపు నెట్టింది.

'సు' అని రాశా. సువర్త అంటే ఈ ఊళ్లో నేనొక్కదాన్నే కదా. ఉస్తాద్ 'కా' బొటనవేలంత ఉంటది. నాది అరచేయంత.

మంగళవారం, బుధవారం అయితే నేను నేల మీద లేను. మా అమ్మకి చెప్పా, చర్చిలో చెప్పా, నీకు కూడా ఫోటో పెట్టా, నువ్వు చూసి లైకు కూడా కొట్టలేదు.

గురువారం సాయంత్రం ట్రాక్టరుకి కట్టి ఆ తెల్ల కారుని లాక్కొచ్చారు.

పొద్దున ఆరింటికి సెల్ఫ్ కొడితే టక్కుమని కూడా అనలేదంట. నెట్టినా లేవలేదు. గురవారెడ్డి వాళ్లమ్మని ఎత్తుకుని ఆటోలో బస్టాండుకి, అక్కణ్నుంచి బస్సులో పోయాడు. పోయేసరికి మంచం ఇంకొకళ్లకి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చోబెట్టి, నాలుగు గంటలు చేయాల్సింది రెండు గంటలే చేసి పంపారు. సోమవారం మాత్రం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు పోతదని డాక్టరు గట్టిగా చెప్పాడంట.

నేను బానెట్ ఎత్తా. బజారంతా వంగి చూసింది. 'సు'. అరచేయంత.

అంతలో బస్టాండు నుంచి అవ్వ ఎక్కిన ఆటో షాపు ముందాగింది. కాళ్లు వాచి చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకుంది. నన్ను చూసి నవ్వింది. "ఏమే పిల్లా, నువ్వు పెట్టిన డబ్బా నాకంటే ముందే పోయిందే."

అందరూ నవ్వారు. నేను ఆ చెప్పుల్నే చూస్తన్నా.

"ఇయ్యి నాకు పట్టవు గానీ, డిక్కీలో పడెయ్యి" అని చేతికిచ్చింది.

డిక్కీ తెరిచా. లోపల లైటు గుడ్డిగా వెలిగింది. మడిచిన చక్రాల కుర్చీ, ఒక రెగ్జిన్ సంచి. సంచి పక్కన చెప్పులు పెట్టి మూత వేశా. ఇది గుర్తుపెట్టుకో రోజీ.

ఆటో పోయింది. నేను థిన్నర్‌లో గుడ్డ ముంచి నా అక్షరం తుడవబోయా. నీళ్లు తిరుగుతన్నాయి కళ్లల్లో, థిన్నర్ వాసనకే అనుకో. ఉస్తాద్ నా చేతిలో గుడ్డ తీసుకుంది.

"ఉండనీ."

"అందరూ చూస్తన్నారు ఉస్తాద్."

ఆవిడ బ్రష్ తీసింది. నా 'సు' పక్కన, చచ్చిపోయిన ఆ డబ్బా మీద, బజారంతా చూస్తుండగా 'కా' అని రాసింది. బొటనవేలంత.

అప్పుడు నాకు ఏమయిందో టైప్ చేయలేను, వదిలెయ్యి.

డబ్బాని చార్జింగ్‌కి పెట్టి ఇంటికిపోయా. శుక్రవారం షాపు తలుపు తీయకముందే వచ్చి కూర్చున్నా. నిండుగా చార్జ్ అయింది. లోడ్ టెస్టర్ పెడితే ముల్లు కొండలాగా నిలబడింది, కదల్లేదు. డబ్బాలో ఏ లోపం లేదు. మళ్లీ కారుకి బిగించి స్టార్ట్ చేశా, ఒక్క దెబ్బకి లేచింది. డైనమో పద్నాలుగు.

"కంపెనీవాళ్లది ఏదో లోపం ఉంటది ఉస్తాద్. ఇంకోటి మారుద్దాం."

"ముల్లు నిలబడింది కదా."

"మరి పెద్దది పెడదాం."

"ట్రేలో కూర్చోదని నువ్వే అన్నావు కదా."

గురవారెడ్డి కూడా వచ్చి పక్కనే నిలబడ్డాడు. "అమ్మాయ్, సోమవారం కూడా ఇట్టా అయితే..." అని ఆపేశాడు.

ఉస్తాద్ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "నిండా పెట్టి పంపాం. మూడు రోజులు వాకిట్లో కదలకుండా ఉంది. ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు ఉస్తాద్. అన్నీ చూశా. టేప్ ఆపే ఉంది. లోపలి లైటు ఆపే ఉంది. హెడ్‌లైట్లు, పార్కింగ్ లైట్లు అన్నీ చూశా."

"డిక్కీ?"

"అదీ చూశా. నిన్న చెప్పులు పెట్టేటప్పుడు తెరిచా. లైటు వెలిగింది."

"మూసి చూశావా?"

నాకు చిరాకేసింది. "మూస్తే ఎట్టా కనపడుద్ది ఉస్తాద్?"

ఆవిడ చక్రాల కుర్చీ తీసి కింద పెట్టింది. డిక్కీలో పరిచిన గోనెపట్టా చేత్తో సర్దింది.

"ఎక్కు" అంది.

ఫోన్‌లో వీడియో పెట్టి మూత వెయ్యొచ్చు కదా అని ఇప్పుడు నువ్వంటావు. నేనూ అదే అన్నా.

"ఫోన్ చూస్తది. నువ్వు చూడొద్దా?"

ఎదురుగా టీ కొట్టు పిచ్చయ్య గ్లాసులు కడగడం ఆపేశాడు. "ఏం ఉస్తాద్, పిల్లని ఒంగోలుకి పార్సిల్ చేస్తన్నావా?"

"టీ మాడుతంది చూసుకో" అంది ఆవిడ, అటు తిరక్కుండానే.

ఎక్కా రోజీ. మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకుని పడుకున్నా. ఎండకి రేకు కాలుతంది. ఆవిడ తాళంచెవి నాకు చూపించింది. "పది లెక్కపెట్టు. నా చెయ్యి మూత మీదే ఉంటది." అని మూత వేసింది. పైన వేళ్లతో తట్టతానే ఉంది, ఉన్నా అని తెలియడానికి.

చీకటైపోతదనుకున్నా. కళ్లు గట్టిగా మూసుకున్నా.

కళ్లు తెరిస్తే చీకటి లేదు.

లైటు వెలుగుతంది. నా ముక్కుకి జానెడు దూరంలో, వేలెడంత బల్బు, పచ్చగా, ఏమీ పట్టనట్టు వెలుగుతంది. వేలు పెడితే చురుక్కుమంది. రెగ్జిన్ సంచి కనపడతంది. జిప్పు దగ్గర తెగిన దారం కూడా కనపడతంది. దాని పక్కన అవ్వ చెప్పులు, నిన్న నేను పెట్టినవి పెట్టినట్టే, ఆ వెలుతుర్లో.

మూడు రోజులు రోజీ. రాత్రీ పగలూ. ఎవరూ చూడని చోట ఈ లైటు వెలుగుతానే ఉంది. నేను నీకు ఫోటో పెట్టినప్పుడు కూడా. నేను చర్చిలో గొప్పలు చెప్పినప్పుడు కూడా.

తల తిప్పి చూశా. మూత లోపలి వైపు ఒక రబ్బరు బొడిపె ఉండాలి, మూత పడగానే అది కింద స్విచ్చిని నొక్కితే లైటు ఆరుద్ది. ఆ బొడిపె లేదు. దాని చోటు ఖాళీగా ఉంది. పక్కనే రేకు మీద పొడుగ్గా గీత, చక్రాల కుర్చీ పిడి తగిలిన గీత. కుర్చీ ఎక్కించేటప్పుడు ఎప్పుడో కొట్టుకుని ఊడిపోయింది. తెరిచి చూసిన ప్రతిసారీ లైటు వెలిగింది, వెలగాలి కదా అనుకున్నా.

పది లెక్కపెట్టడం మర్చిపోయా. ఆవిడే మూత తీసింది.

ఏం చూశావని అడగలేదు. గురవారెడ్డి ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూస్తన్నాడు. నేను దిగి లోపలికి పోయి పాత లారీ ట్యూబు ముక్క తెచ్చా. కత్తిరించి, మడిచి, పంక్చర్ సొల్యూషన్ రాసి, ఆ ఖాళీ చోట అంటించా. ఆరేదాకా చేత్తో నొక్కి పట్టుకున్నా. ఎండలో అరగంట. పిచ్చయ్య టీ పంపాడు, తాగలేదు.

ఆరింది. మూత వేసి చూస్తే బాగానే పడింది. గురవారెడ్డి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

ఉస్తాద్ ఇవ్వలేదు. స్టూలు మీద కూర్చుని ఏదో టెర్మినల్ తోముతంది. నా వైపు చూడను కూడా లేదు.

నేనే పోయి ఆవిడ చేతిలో తాళంచెవి తీసుకుని, డిక్కీ తెరిచి, తాళంచెవి గురవారెడ్డికిచ్చి, "అన్నా, నేను తట్టేదాకా తీయొద్దు" అని చెప్పి మళ్లీ ఎక్కా.

పిచ్చయ్య, "దీనికి అలవాటైపోయింది రోయ్" అన్నాడు. అననీ.

మూత పడింది.

చీకటి. కటిక చీకటి. నా చెయ్యి నాకే కనపడలేదు. చెప్పుల్లేవు, సంచి లేదు, గీత లేదు. చీకటి చూసి ఇంత సంతోషపడ్డ మనిషి ఊళ్లో ఇంకొకళ్లు ఉండరు. లోపల నవ్వుతానే ఉన్నా, తట్టడం కూడా మర్చిపోయా. పాపం గురవారెడ్డి భయపడి ఆయనే తీశాడు.

ఇంక ఇయ్యాల్టి సంగతి. సోమవారం కదా. అయిదున్నరకే సైకిలేసుకుని వాళ్లింటి ముందు నిలబడ్డా. శని, ఆది రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. గురవారెడ్డి చక్రాల కుర్చీ ఎత్తాడు, నేనే పట్టుకుని డిక్కీలో పక్కకి పెట్టా, పిడి మూతకి తగలకుండా. మూత వేశా. అవ్వని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మొహం ఉబ్బి ఉంది, ఎగపోస్తంది. అయినా కిటికీలోంచి నన్ను చూసింది.

"నువ్వెందుకొచ్చావే, నెట్టడానికా?"

"అవసరమైతే నెడతా అవ్వా."

గురవారెడ్డి తాళంచెవి పెట్టాడు. ఇంకా పూర్తిగా తిప్పలేదే, బుర్రుమని లేచింది. సగం తిప్పుకే. వాకిట్లో కోళ్లు ఎగిరిపోయినయ్యి. నేను కూడా ఎగిరా అనుకో, ఎవరికీ చెప్పకు.

అవ్వ నవ్వింది. "సరే, డబ్బా బతికింది. ఇంక నా పని చూసుకొస్తా."

పది నిమిషాల కింద గురవారెడ్డి ఫోన్ చేశాడు. వేళకి చేరారంట, మంచం దొరికింది, నాలుగు గంటలూ చేశారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒక్క తిప్పుకే లేచిందంట.

ఫోన్ పెట్టేసి ఉస్తాద్ దగ్గరికి పోయా. ఎదురుగా కూర్చున్నా. ఆవిడ డిస్టిల్ వాటర్ పోస్తంది, ఒక్కో గడిలో గీత దాకా, గీత దాటకుండా.

"ఉస్తాద్, డిక్కీలోనే అని మీకెట్టా తెలిసింది?"

"తెలీదు."

"మరి నన్నెందుకు ఎక్కించారు?"

"మా ఆయన నన్నెక్కించాడు. అంబాసిడర్‌లో. ఇదే బజార్లో."

ఊహించుకో రోజీ. కాశింబీ ఉస్తాద్. అంబాసిడర్ డిక్కీలో. పిచ్చయ్య వాళ్ల నాన్న చూసి ఉంటాడు, కచ్చితంగా ఏదో ఒకటి అని ఉంటాడు.

"రెండోసారి?" అన్నా.

ఆవిడ ఆఖరి గడి మూత బిగించింది. గుడ్డతో నెత్తిన తుడిచింది.

"రెండోసారి ఎక్కమని ఆయన చెప్పలేదు" అంది.

అని పెయింట్ డబ్బా తీసి, ఆవిడ స్టూలు పక్క నుంచి నా స్టూలు పక్కన పెట్టింది. బ్రష్‌తో సహా. నేను ఇప్పుడు దాని పక్కనే కూర్చుని నీకు టైప్ చేస్తన్నా, ఇంతవరకు ముట్టుకోలేదు, ఎందుకంటే

ఉండవే, పిలుస్తంది. ఎవరిదో కారొచ్చింది, ముందు నేనే డిక్కీ తెరిచి, మూసి చూసి